ఇల్లు కట్టి చూడు, ఏ-మ్యాథ్స్ చెప్పి చూడు!

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. వాళ్ళెవరూ సింగపూర్ రాలేదు కాబట్టి అక్కడితో ఆపేశారు. వచ్చి ఉంటే "సెకండరీ పిల్లకి లెక్కలు చెప్పి చూడు" అని మూడోది కూడా కలిపి ఉండేవారు.

2023 అక్టోబరు చివర్లో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి మా ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఇద్దరు పిల్లలున్న ఇల్లు నిశ్శబ్దంగా ఉందంటే ఏదో జరిగిందన్నమాట. డైనింగ్ టేబుల్ మీద అమ్మాయి సెకండరీ మూడు ఏడాది చివరి పరీక్షల మార్కులు, దాని పక్కన స్కూలు వాళ్ళిచ్చిన ఒక కాగితం. అడిషనల్ మ్యాథమెటిక్స్‌లో నూటికి ముప్ఫై ఒకటి. సబ్జెక్టు మానేయాలనుకుంటే తల్లిగానీ తండ్రిగానీ కింద సంతకం చేసి వారంలోగా పంపండి అని ఆ కాగితం సారాంశం.

అదే సమయానికి తణుకు నుంచి మా అమ్మ ఫోను.

"మనవరాలికి ఏ లెక్కల్లో తక్కువొచ్చాయిరా?"

"ఏ-మ్యాథ్స్‌లోనేనమ్మా."

"అదే అడుగుతున్నా, ఏ మ్యాథ్సూ?"

"ఏ-మ్యాథ్సే! ఈ-మ్యాథ్స్‌లో బాగానే వచ్చాయి."

"ఈ మ్యాథ్స్ అంటే ఏ మ్యాథ్స్?"

ఇక లాభం లేదని ఫోను మా ఆవిడకిచ్చేశాను. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెప్తున్నాను. ఇక్కడి ఓ-లెవెల్‌లో ఎలిమెంటరీ మ్యాథమెటిక్స్‌ని ఈ-మ్యాథ్స్ అనీ, దానికి పైన తీసుకునే అడిషనల్ మ్యాథమెటిక్స్‌ని ఏ-మ్యాథ్స్ అనీ అంటారు. ఏ-మ్యాథ్స్ తప్పనిసరి కాదు. కానీ అది లేకుండా జూనియర్ కాలేజీలో హెచ్-టూ మ్యాథ్స్ తీసుకోవడం కష్టం. ఆ హెచ్-టూ లేకపోతే ఇంజనీరింగు, కంప్యూటర్ సైన్సు వైపు దారి బాగా ఇరుకవుతుంది. అంటే ఆ సంతకం పదిహేనేళ్ళ పిల్ల ముందున్న ఒక తలుపు మూయడానికన్నమాట.

జవాబు పత్రం తిరగేశాను. చివరి ప్రశ్న వృత్తాల మీద నిరూపణ, ఏడు మార్కులు. అమ్మాయి బొమ్మ మాత్రం చక్కగా మళ్ళీ గీసింది. కింద అంతా ఖాళీ. ఆ ఖాళీలో ఓ మూల చిన్న అక్షరాలతో పెన్సిల్‌తో "సారీ, చెర్" అని రాసి ఉంది. చెర్ అంటే ఇక్కడి పిల్లల భాషలో టీచర్.

ముప్ఫై ఒకటి చూసినప్పుడు కోపం వచ్చింది. ఆ రెండు మాటలు చూశాక కోపం పోయి ఇంకేదో వచ్చింది.

మొదటి ప్రయత్నం: నేను

నాకు లెక్కలు వచ్చు. కంప్యూటర్స్‌లో మాస్టర్స్ చేశాను, పొద్దస్తమానం తర్కంతోనే పని. పైగా జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి తెలుగు మీడియంలో, లెక్కల పేపర్ టూలో రేఖాగణితం చదివినవాణ్ణి. అంచేత ఆ రాత్రే అమ్మాయిని కూర్చోబెట్టి అయిదు నిమిషాల్లో లెక్క చేసేశాను. "ఇదిగో ఈ కోణం, ఈ కోణం సమానం. కనిపించట్లేదా? అంతే!"

"కనిపించట్లేదు నాన్నా."

"ఎలా కనిపించదు? కళ్ళెదురుగా ఉంది కదా!" నా గొంతు లేచింది. మా ఆవిడ వంటింట్లోంచి "ఏవండీ..." అంది. ఆ "ఏవండీ"లో ఎన్ని అర్థాలున్నాయో పెళ్ళయిన ప్రతి తెలుగువాడికీ తెలుసు.

అమ్మాయి నోటుబుక్కు మూసి నెమ్మదిగా అంది: "నీకు కనిపిస్తోంది నాన్నా. కనిపించిందని చెప్తున్నావు. ఎలా కనిపిస్తుందో చెప్పట్లేదు."

దానికి నా దగ్గర జవాబు లేదు. స్కూలు టీచరుగారిని అడిగి ఏ-మ్యాథ్స్ నిర్ణయం జనవరి దాకా వాయిదా వేయించుకున్నాం. ఆవిడ మంచావిడ, ఒప్పుకుంది. కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉండిపోయింది.

రెండో ప్రయత్నం: డబ్బు

సింగపూర్‌లో చదువు సమస్యకి అందరూ మొదట చెప్పే మందు ట్యూషన్. ఇక్కడి గణాంక శాఖ సర్వే లెక్కల ప్రకారం కుటుంబాలన్నీ కలిసి ట్యూషన్ల మీద 2017-18లో ఏడాదికి 140 కోట్ల డాలర్లు ఖర్చుపెడితే, 2023 నాటికి అది 180 కోట్లయింది. అందులో మా వంతు నెలకి 360 డాలర్లు. వారానికి రెండు గంటలు, గదిలో పన్నెండుమంది, రంగురంగుల నోట్సు.

ఉన్నమాట చెప్పాలి. ఆ సెంటరు వల్ల లాగరిథమ్సూ, డిఫరెన్షియేషనూ బాగానే మెరుగయ్యాయి. అవి ఒక పద్ధతి పట్టుకుంటే సాగిపోయే లెక్కలు. నిరూపణ అలా కాదు. అందులో ఎక్కడికి చేరాలో ముందే చెప్పేస్తారు, దారే చెప్పరు. ఆ దారిని "టెక్నిక్ నెంబర్ ఫోర్" అని నోట్సులో ఇస్తే పిల్ల అది బట్టీపట్టి, బొమ్మ కాస్త తిప్పి ఇవ్వగానే మళ్ళీ మొదటికొచ్చేది. మూడు నెలల తర్వాత మాన్పించేశాం.

ఈ సందర్భంలోనే ఒక మాట. సిండా అనే సంస్థ 1991 నుంచీ ఇక్కడి భారతీయ కుటుంబాల పిల్లల చదువు కోసం పనిచేస్తోంది. స్టెప్ అనే పేరుతో ట్యూషన్ తరగతులు నడుపుతుంది. అది తమిళులకి మాత్రమే అనుకునే తెలుగువాళ్ళు నాకు చాలామంది తగిలారు. నేనూ అలాగే అనుకున్నాను. నెలనెలా జీతంలోంచి సిండా ఫండ్‌కి కట్ అవుతున్నప్పుడు మాత్రం మనం భారతీయులమే కదండీ! పిల్లలకి అర్హత ఉందో లేదో వాళ్ళనే ఒకసారి అడిగి చూడండి.

నాకు తెలియనిది

డిసెంబరు సెలవుల్లో ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, అమ్మాయి పాఠ్యపుస్తకం తెరిచాను. "టాంజెంట్-కార్డ్ థీరమ్" అని ఉంది. ఎంత ఆలోచించినా ఏమిటో తట్టలేదు. నేను చదివింది తెలుగులో! పేర్లన్నీ వేరు. సాయంత్రం సిగ్గు విడిచి అడిగాను: "ఈ థీరమ్ ఏమిటే?"

అమ్మాయి నావైపు అనుమానంగా చూసింది. నిజంగానే తెలియదని నమ్మకం కుదిరాక పెన్సిల్ తీసింది. వృత్తం గీసింది, దాన్ని ఒకచోట తాకుతూ ఒక గీత, తాకినచోటు నుంచి లోపలికి ఇంకో గీత. "ఈ రెండిటి మధ్య కోణం ఉంది కదా నాన్నా, అది అటుపక్క ముక్కలో పైన ఉండే కోణానికి సమానం." చెప్తూ చెప్తూ మధ్యలో ఆగి, "అటుపక్క ముక్క అంటే ఏది?" అని తనే తడబడి, మళ్ళీ సరిచేసుకుంది.

"ఓర్నీ! ఇది మా ఏకాంతర వృత్తఖండ సిద్ధాంతం!" అన్నాను.

"ఏంటీ? మళ్ళీ చెప్పు!" పొట్ట పట్టుకుని నవ్వింది. తమ్ముణ్ణి పిలిచి నా చేత మూడుసార్లు చెప్పించింది. లెక్కల పుస్తకం తెరిచి ఉండగా ఆ పిల్ల నవ్వడం ఏడాది తర్వాత అదే మొదటిసారి.

ఆ తర్వాత మా ఇంట్లో మాటల వేట మొదలైంది. కార్డ్‌ని జ్యా అంటాం, ఆర్క్‌ని చాపం అంటాం. చాపం అంటే విల్లు, జ్యా అంటే వింటినారి. ఆ బొమ్మ చూడు, విల్లూ నారీ కనిపించట్లేదూ? కార్డ్ అనే మాటకి మూలమైన గ్రీకు మాటకీ తీగ, నరం అనే అర్థం. టాంజెంట్ అంటే లాటిన్‌లో తాకేది, మనకి స్పర్శరేఖ. సీకెంట్ అంటే కోసేది, మనకి ఛేదనరేఖ. వ్యాసంలో అర్ధం వ్యాసార్ధం. "మరి సైన్?" అని అడిగింది. అది మరీ గమ్మత్తు. ఆర్యభటుడి కాలం నాటి మన జ్యా, అరబ్బుల దగ్గర జీబా అయింది. ఆ అక్షరాలనే జైబ్ అని చదివి, ఒంపు అనుకుని లాటిన్‌లో సైనస్ చేశారు. అలా సైన్ అయింది. అంటే అమ్మాయి కాలిక్యులేటర్ మీద రోజూ నొక్కే ఆ బొత్తాం కూడా వింటినారే.

ఇక్కడి స్కూళ్ళలో మాతృభాషగా తీసుకునే భారతీయ భాషల్లో తమిళం ఉంది, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి. తెలుగు లేదు. మా అమ్మాయి హిందీ చదివింది. తెలుగు ఇంట్లో తిండికీ తిట్లకీ మాత్రమే అనుకునే పిల్లకి, తెలుగులో లెక్కలున్నాయన్న సంగతే వింత. పావులూరి మల్లన అనే ఆయన మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని వందల ఏళ్ళ కిందటే తెలుగు పద్యాల్లో పెట్టాడని చెబితే నమ్మలేదు.

ద, సా, ని, ఉ

మా లెక్కల మాస్టారు నిరూపణ రాయాలంటే నాలుగు శీర్షికలు పెట్టించేవారు. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి. అవి లేకపోతే మార్కుల మాట అటుంచి, చెవి మిగిలేది కాదు. ఇచ్చిందేమిటి, చూపవలసిందేమిటి, కొత్తగా గీసిందేమిటి, ఆ తర్వాత వాదన. నేను ముప్ఫై ఏళ్ళుగా మర్చిపోయిన ఆ నాలుగింటినీ అమ్మాయి నోటుబుక్కు అంచున ద, సా, ని, ఉ అని తెలుగులో రాసుకుంది. ఆ నాలుగక్షరాలు రాయడం కూడా అప్పుడే నేర్చుకుందనుకోండి, అది వేరే కథ.

ఆ పద్ధతిలో మొదట చేసిన లెక్క చెప్తాను, పిల్లలూ కాగితం తీసుకోండి. ఒక వృత్తం మీద ఏ, బీ, సీ అని మూడు బిందువులు. ఏ దగ్గర గీసిన స్పర్శరేఖ, సీబీని బీ వైపు పొడిగిస్తే టీ దగ్గర కలుస్తుంది. టీఏ వర్గం, టీబీ × టీసీకి సమానమని చూపాలి.

అమ్మాయి ఉత్సాహంగా మొదలుపెట్టింది. "ఏసీ వ్యాసం కాబట్టి ఏబీసీ కోణం 90, టీఏసీ కోణం కూడా 90..." చకచకా రాసి చివరికి చేరుకుంది. జవాబు సరిగ్గా వచ్చింది. నేను ఒక్కటే అడిగాను: "ఏసీ వ్యాసమని దత్తాంశంలో ఎక్కడుంది?"

ఎక్కడా లేదు. బొమ్మలో గీత మధ్యలోంచి పోతున్నట్టు కనిపించింది, అంతే. చూడడానికి అంత అందంగా ఉన్న వాదన మొత్తం గాలిలో కట్టిన మేడ. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఈ జబ్బు బాగా తెలుసు. మన టెస్టులో నడిచిన కోడ్, మనం అనుకున్న షరతు నిజం కాని రోజున కుప్పకూలుతుంది.

రెండోసారి చివరి నుంచి వెనక్కి వచ్చాం. టీఏ వర్గం రావాలంటే టీఏని టీసీతో భాగిస్తే వచ్చేదీ, టీబీని టీఏతో భాగిస్తే వచ్చేదీ ఒకటి కావాలి. నిష్పత్తులు సమానం కావాలంటే సరూప త్రిభుజాలు కావాలి. ఏవి? ఈ నాలుగు పేర్లూ ఉన్నవి టీఏబీ, టీసీఏ. వాటిలో టీ కోణం ఉమ్మడి. ఇంకొక్క జత చాలు. టీఏబీ కోణం స్పర్శరేఖకీ ఏబీ జ్యాకీ మధ్య ఉంది. మరి మా ఏకాంతర వృత్తఖండం ఏమంటుంది? అది ఏసీబీ కోణానికి సమానం. అయిపోయింది! ఆ వాదనని ముందు నుంచి వెనక్కి తిప్పి, ప్రతి వరుస పక్కన కారణంతో రాయడమే మిగిలింది.

యూక్లిడ్ రేఖాగణితం మూడో పుస్తకమంతా వృత్తాలే. అందులో 32వ ప్రతిపాదన ఈ సిద్ధాంతం, 36వది ఈ లెక్క. రెండువేల మూడువందల ఏళ్ళ నాటి ప్రశ్నకి మా అమ్మాయి పుంగోల్‌లో రాత్రి పదకొండింటికి జవాబు రాసింది. రాశాక లేచి ఫ్రిజ్ దగ్గరకెళ్ళి మంచినీళ్ళు తాగి, ఆ కాగితం తీసి చింపేసింది. సంతకం అడగలేదు, నేనూ ఏమీ అనలేదు.

శనివారాలు

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక ఒప్పందం. నేను "ఎందుకు?" అని తప్ప ఇంకోమాట అనకూడదు. ఆఫీసులో జూనియర్ల కోడ్ చూసేటప్పుడు కీబోర్డు లాక్కోను, ప్రశ్నలే అడుగుతాను. ఇంట్లో ఆ మర్యాద ఎందుకు పాటించలేదో నాకే తెలియదు.

2024 మొదట్లో ఇంకో రెండు తెలుగు కుటుంబాల పిల్లలు, మా బ్లాకులోనే ఉండే చైనీస్ అబ్బాయి కలిశారు. కొన్నాళ్ళు కింద వాయిడ్ డెక్‌లో రాతి బల్ల దగ్గర, తర్వాత 2023లో వన్ పుంగోల్‌లో తెరిచిన రీజనల్ లైబ్రరీలో. చోటు దొరకని రోజున చాంగీ ఎయిర్‌పోర్టుకి పోయేవారు. విమానాశ్రయంలో చదువుకునే పిల్లలు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటారా అని మా అమ్మ ఆశ్చర్యం. ఏసీ ఉంది, తిండి ఉంది, ఎవరూ లేవమనరు. ఇంకేం కావాలి!

బ్రాస్ బసా కాంప్లెక్స్ నుంచి టెన్ ఇయర్ సిరీస్ తెచ్చుకున్నారు. పాత ప్రశ్నపత్రాల పుస్తకమది. మా పిల్లలు దాన్ని వాడిన తీరు నాకు నచ్చింది. ఒకరు బల్ల దగ్గర నిలబడి చెప్పాలి, మిగతా ముగ్గురు పరీక్షాధికారులు. కారణం చెప్పని ప్రతి వరుసకీ ఒక మార్కు కోత. "ఒకే వృత్తఖండంలోని కోణాలు", "కేంద్రం దగ్గర కోణం పరిధి దగ్గర కోణానికి రెట్టింపు", "అర్ధవృత్తంలో కోణం లంబకోణం", "చక్రీయ చతుర్భుజంలో ఎదురెదురు కోణాల మొత్తం 180" లాంటివి ఇంగ్లీషులో గడగడా చెప్పాల్సిందే. పరీక్షలో ఇచ్చే ఫార్ములా పేజీలో ఇవేవీ ఉండవు. బొమ్మ కొలతకి గీసింది కాదని గుర్తుపెట్టుకోవాలి. ఇంకొక కిటుకు ఆ చైనీస్ అబ్బాయి చెప్పాడు. మొదటి భాగం నిరూపించలేకపోయినా, అందులో చూపమన్న ఫలితాన్ని రెండో భాగంలో నిక్షేపంగా వాడుకోవచ్చు. మా అమ్మాయి అంతకుముందు మొదటి భాగం రాకపోతే మొత్తం వదిలేసేది.

ఒక శనివారం నేను వాళ్ళకి బ్రహ్మగుప్తుడి సిద్ధాంతం ఇచ్చాను. 628లో బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం రాసిన ఆయనే. చక్రీయ చతుర్భుజంలో కర్ణాలు లంబంగా ఖండించుకుంటే, ఆ ఖండన బిందువు నుంచి ఒక భుజానికి లంబం గీసి వెనక్కి పొడిగించండి. అది ఎదుటి భుజాన్ని సరిగ్గా సగం చేస్తుంది. సిలబస్‌లో ఇది లేదు, కానీ కావలసిన పనిముట్లన్నీ ఉన్నాయి. ఒకే వృత్తఖండంలోని కోణాలు, శీర్షాభిముఖ కోణాలు, లంబకోణ త్రిభుజం, రెండు సమద్విబాహు త్రిభుజాలు. రెండు శనివారాలు పట్టింది. పూర్తి నిరూపణ ఇక్కడ రాయను, ఈ పత్రిక చదివే పిల్లలకి ఆ సరదా పాడుచేయడం ఎందుకు?

ఆ తర్వాత

2023 కల్లా ఇక్కడి స్కూళ్ళలో అర్ధసంవత్సర పరీక్షలు తీసేశారు. పిల్లలకి ఊపిరాడుతుందన్నది నిజమే. కానీ ఎక్కడున్నామో సరిగ్గా తెలిసేది ప్రిలిమ్స్‌లోనే, అప్పటికి ఓ-లెవెల్‌కి వ్యవధి తక్కువ. ప్రిలిమ్స్‌లో అమ్మాయికి ఏ-మ్యాథ్స్‌లో 58 వచ్చింది. నిరూపణ ప్రశ్నకి మాత్రం ఏడుకి ఆరు. ఒక వరుసకి కారణం రాయలేదట. "నువ్వే చెప్పాలి నాన్నా, ఎందుకు అని!" అని నన్నే దెప్పింది.

2024 అక్టోబరు, నవంబరుల్లో అసలు పరీక్షలు. హాలు బయట నేనేమీ అడగలేదు. మా ఆవిడ అడగనివ్వలేదు. 2025 జనవరిలో ఫలితాలు. ఏ-మ్యాథ్స్‌లో బీ-త్రీ. మన వాట్సాప్ గ్రూపుల్లో పెట్టుకునే ఏ-వన్ కాదు. పెట్టలేదు కూడా. తనకి కావలసిన జూనియర్ కాలేజీలో హెచ్-టూ మ్యాథ్స్‌తో సీటొచ్చింది.

తణుకుకి ఫోను చేశాం.

"ఏ మ్యాథ్స్‌లో బీ వచ్చిందా? అయితే బీ మ్యాథ్స్‌లో ఏమొచ్చిందే?" అంది మా అమ్మ.

మా అబ్బాయి 2024లో సెకండరీ ఒకటిలో చేరాడు. వాళ్ళ బ్యాచికి ఎక్స్‌ప్రెస్, నార్మల్ అనే విభజన లేదు. సబ్జెక్టుని బట్టి జీ-వన్, జీ-టూ, జీ-త్రీ. 2027లో వాళ్ళు రాసేది ఓ-లెవెల్ కాదు, ఎస్ఈసీ అనే కొత్త సర్టిఫికెట్ పరీక్ష. పేరు ఏదైనా వృత్తం గుండ్రంగానే ఉంటుంది కాబట్టి, మొన్నొక రాత్రి వాడు వృత్తాల లెక్క పట్టుకుని డైనింగ్ టేబుల్ దగ్గరికొచ్చాడు. నేను కుర్చీ లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, "ఏదీ, ఇలా తే!" అన్నాను.

"నాన్నా, నువ్వు వెళ్ళి టీవీ చూసుకో," అంది మా అమ్మాయి. తమ్ముడి పక్కన కూర్చుని, నోటుబుక్కు అంచున నాలుగక్షరాలు రాసి, పెన్సిల్ వాడి చేతికిచ్చింది. "ముందు బొమ్మని నమ్మకు. ద అంటే ఏంటో చెప్పు."